ఫ్లైఓవర్ ప్రభావాన్ని కోవిడ్ నుంచి వేరుచేయడం ఎలా?

విజయవాడ ఆటోనగర్‌లోని చిన్న వర్క్‌షాపుల ఉత్పాదకతపై ప్రాజెక్టు చేస్తున్నాను. 2020 అక్టోబరులో ప్రారంభమైన కనకదుర్గ ఫ్లైఓవర్ వల్ల అది పెరిగిందా అన్నది తేల్చాలి. భవానీపురం వైపు నుంచి సరుకు తెచ్చుకునేవారు కొండ కింద ఇరుక్కుపోయే బాధ తప్పిందనే అంటున్నారు. లెక్కల్లో మాత్రం అది కనిపించడం లేదు.

2018-19 నుంచి 2023-24 వరకు ఒక్కో కార్మికుడికి ఎంత అమ్మకమో తీసి, టోకు ధరల సూచీతో సవరించాను. గుంటూరు ఆటోనగర్‌తో పోల్చాను. రెండుచోట్లా 2020-21లో పడిపోయి, మరుసటి ఏడాది లేచింది. ఆ ఒక్క సంవత్సరాన్ని తీసేసినా తేడా రాలేదు. పైగా 2021లో బెంజ్ సర్కిల్ రెండో ఫ్లైఓవర్ కూడా వచ్చి పడింది, అది మరో తలనొప్పి.

అమెరికా అంతర్రాష్ట్ర రహదారులపై జరిగిన పరిశోధనలో, వాహనాలు ఎక్కువగా వాడే పరిశ్రమలకే ఎక్కువ లాభం కలిగిందని తేలింది. అందుకే గుంటూరును వదిలేసి, ఆటోనగర్‌లోనే భవానీపురం దారిలో సరుకు తెచ్చుకునే షాపులను, ఆ దారితో పని లేనివాటితో పోల్చాలనుకుంటున్నాను. కోవిడ్ దెబ్బ ఈ రెండు వర్గాలకూ సమానంగా తగిలిందని చూపడానికి ఏ కొలత వాడాలి?