పైన్‌ఫోన్: ఉంచుకోవాలా, అమ్మేయాలా?

@కొత్త_సిమ్:
నా దగ్గర పైన్‌ఫోన్ (లినక్స్‌తో నడిచే ఫోన్) 3 జీబీ ర్యామ్, 32 జీబీ మోడల్ ఉంది. పెట్టెలోంచి తీసినప్పుడున్న ప్లాస్మా మొబైల్ ఇమేజే (ఫోన్‌లో వేసే మొత్తం సిస్టమ్ కాపీ) ఇంకా నడుస్తోంది. దీని లోపాల్లో సాఫ్ట్‌వేర్‌తో పోయేవి ఏవి, ఎన్నాళ్లైనా పోనివి ఏవి? జియో సిమ్‌తో మాట్లాడొచ్చా? స్టాండ్‌బైలో బ్యాటరీ నిలబడాలంటే ఏం చూసుకోవాలి? దాన్నిబట్టి ఉంచడమో, అమ్మడమో తేల్చుకుంటాను.

@సీరియల్_కేబుల్:
ఆ పాత ఇమేజ్‌ని చూసి మాత్రం అమ్మకండి. ఈ ఫోన్ మామూలుగా ముందు మైక్రోఎస్‌డీ కార్డు చూస్తుంది, అందులో ఏమీ లేకపోతేనే లోపలి స్టోరేజీ అయిన ఈఎంఎంసీ నుంచి లేస్తుంది. టో-బూట్ అనే బూట్‌లోడర్ (ఫోన్‌ని లేపే ప్రోగ్రాం) వేసి ఉంటే, కార్డు నుంచి లేవడానికి ఆన్ చేస్తూ వాల్యూమ్ డౌన్ నొక్కి పట్టుకోండి. కాబట్టి 16 జీబీ కార్డు మీద మోబియన్ గానీ, ఫాష్ అనే స్క్రీన్ ఇంటర్‌ఫేస్‌తో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ గానీ (రెండూ ఫోన్ లినక్స్‌లే) రాసి వాడి చూడండి, లోపలిది చెక్కుచెదరదు. నచ్చితే జంప్‌డ్రైవ్ అనే చిన్న ఇమేజ్ రాసిన కార్డుతో బూట్ చేసి కంప్యూటర్‌కి తగిలించండి. ఈఎంఎంసీ ఒక డిస్క్‌లా కనిపిస్తుంది, దానిమీద ఇమేజ్ రాసేయొచ్చు. డిస్క్ పేరు రెండుసార్లు చూసుకోండి, పొరపాటున కంప్యూటర్ డిస్క్ పేరు కొడితే అంతే సంగతులు.

బ్యాటరీకి కీలకం క్రస్ట్ అనే ఫర్మ్‌వేర్. ఫోన్ నిద్రపోయాక ఏ64 చిప్‌లోని ప్రధాన కోర్లు ఆగిపోతాయి, చిన్న కోర్ మీద క్రస్ట్ కాపలా ఉంటుంది. కాల్ గానీ ఎస్‌ఎంఎస్ గానీ వస్తే, సిమ్ నెట్‌వర్క్‌తో మాట్లాడే మోడెమ్ ఫోన్‌ని లేపుతుంది. లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, అవతలివాళ్లు ఈలోపు పెట్టేస్తే మిస్డ్ కాలే. చాట్ యాప్‌ల మెసేజీలు నిద్రలో రావు. ఇది బగ్ కాదు, నిద్రలో వైఫై ఉండదు. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ సస్పెండ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. బ్యాటరీ పాతబడితే బెంగ లేదు, శాంసంగ్ గెలాక్సీ జే7 బ్యాటరీ సైజే ఇది. మన ఊళ్ల మొబైల్ షాపుల్లో అడిగి చూడండి.

@మోడెమ్_మావ:
జియో విషయం. మోడెమ్ ఈజీ25-జీ, జియో వాడే 3, 5, 40 బ్యాండ్లు మూడూ అందులో ఉన్నాయి, అందుకే నెట్‌కి ఇబ్బంది ఉండదు. కాల్‌కి మాత్రం వోల్టీ (4జీ మీదే కాల్) కావాలి, జియోకి 2జీ లేదు కదా. ఎయిర్‌టెల్, వీఐ అయితే వోల్టీ లేకున్నా 2జీకి దిగి కాల్ కలుస్తుంది, ఆ కాసేపు నెట్ ఆగుతుంది.

చేయాల్సింది: మోడెమ్ మేనేజర్ సర్వీసు ఒక్కటే ఆపండి. ఈజీ25 మేనేజర్‌ని ముట్టుకోవద్దు, దాన్ని ఆపితే మోడెమ్‌కే కరెంటు పోతుంది. మోడెమ్‌కి ఆదేశాలు పంపే ఏటీ పోర్టులో ఐఎంఎస్ (వోల్టీకి ఆధారమైన వ్యవస్థ) సెట్టింగ్ అడగండి. 1,1 అని వస్తే వోల్టీ లేచినట్టే. 1,0 వస్తే ఆన్‌లో ఉంది గానీ నెట్‌వర్క్‌లో రిజిస్టర్ కాలేదు. అప్పుడు ఎంబీఎన్ ప్రొఫైళ్ల (ఆపరేటర్‌కి తగ్గ మోడెమ్ సెట్టింగుల) జాబితా తీసి, ఆటో సెలెక్ట్ ఆపి, ఉన్న ప్రొఫైల్ డీయాక్టివేట్ చేసి, 3జీపీపీ జనరిక్ ప్రొఫైల్ ఎంచుకోండి. ఏపీఎన్‌లలో (నెట్‌వర్క్ కనెక్షన్ పేర్లలో) మొదటిది జియోనెట్, రెండోది ఐఎంఎస్ ఉండాలి. మోడెమ్ రీబూట్ చేసి మళ్లీ అడగండి. ఇంత చేసినా 1,1 రాకపోతే ఎయిర్‌టెల్ గానీ వీఐ గానీ సిమ్‌కి మారడమే మేలు.

@రెండో_ఫోన్:
పోనివి నేను చెప్తాను. వెనక కెమెరా 5 మెగాపిక్సెల్, ముందుది 2. మెగాపిక్సెల్స్ అనే కెమెరా యాప్ ఎంత మెరుగైనా సెన్సర్ మారదు. నాలుగు కార్టెక్స్-ఏ53 కోర్లతో ఫైర్‌ఫాక్స్‌లో బరువైన సైట్లు నత్తనడకే. అసలు అడ్డంకి యూపీఐ. లినక్స్‌లో ఆండ్రాయిడ్‌ని విడి డబ్బాగా నడిపే వేడ్రాయిడ్‌లో ఆండ్రాయిడ్ యాప్‌లు నడుస్తాయి గానీ ఆ డబ్బాలోపలికి సిమ్ అందదు. యూపీఐ యాప్ రిజిస్టర్ కావాలంటే అదే సిమ్ నుంచి ఎస్‌ఎంఎస్ వెళ్లాలి. బ్యాంకు ఓటీపీలు మామూలుగా వస్తాయి, యూపీఐ యాప్‌లే పనిచేయవు. చేతిలో ఇదొక్కటే ఫోనైతే అమ్మేయండి. పక్కన పాత ఆండ్రాయిడ్ ఉంటే ఉంచుకోవచ్చు.

@కొత్త_సిమ్:
పాత ఆండ్రాయిడ్ ఉంది, యూపీఐ అందులోనే. ముందు కార్డు మీద మోబియన్ వేస్తా. తెలుగు అక్షరాలు కనిపిస్తాయా?

@సీరియల్_కేబుల్:
డబ్బాలు కనిపిస్తే మోబియన్‌లో లోహిత్ తెలుగు, పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌లో నోటో తెలుగు ఫాంట్ ప్యాకేజీ వేయండి. ఇంకోటి, కాల్‌లో మీ మాట అవతలికి వినపడకపోతే సెట్టింగ్స్ కెలకకముందు వెనక మూత తీయండి. అక్కడి ఆరు చిన్న స్విచ్‌లలో మైక్‌ది ఆఫ్‌లో ఉండొచ్చు. ఆరోది హెడ్‌ఫోన్‌ది, అది ఆఫ్ చేస్తే జాక్ సీరియల్ పోర్టుగా (కంప్యూటర్‌తో కేబుల్ మీద మాట్లాడే దారిగా) మారిపోతుంది, ఇయర్‌ఫోన్స్ పనిచేయవు.