తుంటి వెడల్పు, భుజాలు చిన్నవి, ఏ బ్లాక్ డ్రెస్ నప్పుతుంది?

వెన్నెల_క: పొట్టి బ్లాక్ డ్రెస్ ఒకటి కొందామనుకుంటున్నా, నడుం సన్నమే. ఒంటికి అతుక్కునే బాడీకాన్ డ్రెస్ వేస్తే కూర్చున్నప్పుడల్లా పైకి పాకేస్తోంది. ఏ కట్ చూడాలి?

మబ్బు: కళ్ళు మూసుకుని ఏ-లైన్ తీసుకోండి. నడుం దగ్గర పట్టి కింద వదులవుతుంది కాబట్టి తుంటికి అతుక్కోదు, పైన బోట్ నెక్ (భుజాల వైపు అడ్డంగా సాగే మెడ) ఉంటే భుజాలు కాస్త వెడల్పుగా కనిపించి బ్యాలెన్స్ అయిపోతుంది.

సూదిదారం: నన్నడిగితే కట్ కంటే బట్టే ముఖ్యం అండి. పల్చటి జెర్సీ (సాగే అల్లిక బట్ట) ప్రతి ముడతా చూపిస్తుంది, క్రేప్ అయితే చక్కగా జారుతుంది. తుంటికి సరిపోయే సైజు కొని నడుం దగ్గర టైలర్‌తో పట్టించండి, నలుపులో కుట్లు ఎలాగూ కనపడవు.

చిట్టి: 1926లో వోగ్ ఫ్యాషన్ పత్రికలో వచ్చిన డిజైనర్ షనెల్ బ్లాక్ డ్రెస్ బొమ్మ చూసి స్ట్రెయిట్ కట్ మాత్రం కొనకండి, అందులో నడుమే తెలీదు 😄

వెన్నెల_క: మరి ముందు ఒక అంచు మీద ఇంకోటి వేసి చుట్టి కట్టుకునే రాప్ డ్రెస్?

సూదిదారం: బానే ఉంటుంది, లోపల ఒక ప్రెస్ బటన్ కుట్టించుకోండి, లేదంటే గాలికి తెరుచుకుంటుంది.