బాండెరా ప్రయాణం: అక్కడి కౌబాయ్ జీవనం నిజమైనదేనా, లేక పర్యాటకుల కోసం వేసిన వేషమా?

ప్రశ్న (నాలుగుబాటలు)

మేము హ్యూస్టన్‌లో ఉంటాము. మే నెలాఖరున మెమోరియల్ డే సెలవులకు టెక్సాస్‌లోనే ఉన్న బాండెరా అనే చిన్న ఊరికి వెళ్ళాలని అనుకుంటున్నాము. మేమిద్దరం, పదకొండేళ్ళ పాప, ఐదేళ్ళ బాబు, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు కలిసి మొత్తం ఆరుగురం. ఊరి పొలిమేరలోనే 'ప్రపంచ కౌబాయ్ రాజధాని' అని బోర్డు ఉంటుందని విన్నాను. జనాభా వెయ్యికి లోపే ఉన్న ఊరు అంత పెద్ద మాట చెప్పుకుంటే నాకు కొంచెం అనుమానం కలిగింది. ఇంతకుముందు వేరే చోట ఇలాంటి ఊరికే వెళ్ళి, అద్దె టోపీలు పెట్టుకుని నాలుగు ఫోటోలు దిగి, చెక్కతో కట్టిన జైలు గదిలో పిల్లలను నిలబెట్టి తిరిగి వచ్చాము. ఈసారి అలా జరగకూడదని నా కోరిక.

మా నాన్నగారు ముప్పై ఏళ్ళకు పైగా ఒంగోలు ఎడ్లతో సేద్యం చేసిన మనిషి. షాపింగ్ మాల్స్‌లో ఆయనకు పది నిమిషాలలో విసుగు వస్తుంది. పశువులున్న చోట మాత్రం పొద్దంతా నిలబడగలరు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పైగా పూర్తి శాకాహారి. పిల్లలకు గుర్రమెక్కాలని ఉంది. రోడియో (గుర్రాలు, ఆబోతులు, దూడలతో జరిపే కౌబాయ్ పోటీలు) చూపించవచ్చా? పాప జంతువుల విషయంలో చాలా సున్నితంగా ఉంటుంది. ఇంకొక సంగతి: టీవీలో రోడియో ఆబోతును చూసి నాన్నగారు, "దీనికి మూపురం ఎక్కడిదిరా? ఇది మన పశువు కదా!" అన్నారు. నేను సమాధానం చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఏటిగట్టు)

శాన్ ఆంటోనియోలో పదహారేళ్ళుగా ఉంటున్నాను. బాండెరా మాకు వాయవ్యంగా సుమారు యాభై మైళ్ళు. ఎన్నిసార్లు వెళ్ళానో లెక్క లేదు కనుక కొంచెం వివరంగా రాస్తాను.

మీ అనుమానంలో సగం నిజముంది. శనివారాలలో జరిగే తుపాకీ పోరాటం పూర్తిగా ప్రదర్శనే. పిల్లలు ఆనందిస్తారు, అంతకుమించి అందులో వెతకవద్దు. అయితే ఆ ఊరు కౌబాయ్ పేరును ఊరికే తగిలించుకోలేదు. అమెరికా అంతర్యుద్ధం ముగిసిన తరువాత టెక్సాస్‌లో పశువులు విపరీతంగా ఉండేవి, కొనేవాళ్ళు లేరు. నాలుగు డాలర్లకు దొరికే పశువుకు ఉత్తరాది బజారులో నలభై డాలర్ల దాకా పలికేది. ఆ తేడా కోసమే మందలను వందల మైళ్ళు, రోజుకు పది పదిహేను మైళ్ళ చొప్పున, మేపుకుంటూ తోలుకుపోయారు. 1874లో మొదలైన గ్రేట్ వెస్టర్న్ ట్రైల్ అనే బాట బాండెరా మీదుగానే ఉత్తరంగా కాన్సస్‌లోని డాడ్జ్ సిటీ వైపు సాగింది. అదే ఏడాది ముళ్ళతీగకు పేటెంటు వచ్చింది. కంచెలు, రైళ్ళు కలిసి కొద్ది ఏళ్ళలోనే ఈ దూరప్రయాణపు తోలకాలను ఆపేశాయి. రాంచ్‌లు, అంటే పశువులను పెంచే పెద్ద క్షేత్రాలు, మిగిలాయి. పశువుల మీద రాబడి చాలని రోజులలో, 1920ల నుంచి, ఇక్కడి కుటుంబాలు పట్నవాసులను అతిథులుగా పెట్టుకోవడం మొదలుపెట్టాయి. ఇక్కడ డ్యూడ్ రాంచ్ అనేది అలా పుట్టింది. 'డ్యూడ్' అంటే గుర్రం ఎటువైపు నుంచి ఎక్కాలో కూడా తెలియని పట్నపు బాబు, అంటే మనమే. గుర్రం ఎడమ వైపు నుంచి ఎక్కాలి, ముందే చెబుతున్నాను.

మీకు నా సలహా ఏమిటంటే, హోటల్‌లో కాకుండా అలాంటి రాంచ్‌లోనే రెండు రాత్రులు ఉండండి. సాధారణంగా గది, మూడు పూటల భోజనం, రోజూ గుర్రపు స్వారీ అన్నీ ఒకే ధరలో కలిసి ఉంటాయి. బాబు వయస్సు విషయం మాత్రం ముందే ఫోన్ చేసి అడగాలి. చాలా చోట్ల చిన్నపిల్లలను బయటి దారికి పంపరు. ఆవరణలోనే ఒక మనిషి పగ్గం పట్టుకుని నడిపిస్తాడు. స్వారీకి నిండు ప్యాంటు, కొద్దిపాటి మడమ ఉన్న బూట్లు కావాలి. మడమ అందానికి కాదు. గుర్రం బెదిరినప్పుడు పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కుపోకుండా ఆపేది అదే. నేను మొదటిసారి నున్నటి అడుగు ఉన్న ఆటబూట్లతో వెళ్ళాను. సెలయేరు దాటుతుండగా నా గుర్రం నీళ్ళు తాగడానికి ఒక్కసారిగా తల వంచింది. ఎడమ పాదం రికాబులోకి మడమ దాకా దూరిపోయింది. నేను జీను కొమ్మును రెండు చేతులా పట్టుకుని వేలాడుతుంటే, వెంట వచ్చిన కుర్రవాడు నవ్వకుండా ఉండడానికి పడిన అవస్థ నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఊళ్ళో కోర్టు భవనం ముందున్న పచ్చికలో, బాండెరా నుంచి వెళ్ళి జాతీయ స్థాయిలో గెలిచిన రోడియో విజేతల స్మారకంగా కంచు విగ్రహం ఉంది. వెయ్యి మంది కూడా లేని ఊరికి అంతమంది విజేతలు ఎలా వచ్చారో ఆలోచిస్తే, అక్కడి పిల్లలు గుర్రం మీద పెరుగుతారన్న మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది. 1933లో తెరిచిన ఫ్రాంటియర్ టైమ్స్ మ్యూజియం చిన్నదే అయినా తప్పక చూడండి. ముళ్ళతీగలు, జీనుల పక్కనే రెండు ముఖాల మేకపిల్ల కూడా ఉంటుంది. మా పిల్లలకు ఆ ఊరంటే ఇప్పటికీ ఆ మేకపిల్లే.

మీరు అడిగిన 'నిజం' మాత్రం ఇవేవీ కావు. ఉదయం ఏడు గంటలకు దాణా దుకాణం దగ్గరకు వెళ్ళండి. వెనుక పశువుల ట్రైలర్ తగిలించిన ట్రక్కులు వరుసగా ఆగుతాయి, మోకాళ్ళ దాకా దుమ్ము పట్టిన మనుషులు బస్తాలు వేసుకుంటూ వాన గురించీ గడ్డి ధర గురించీ మాట్లాడుకుంటారు. మెయిన్ స్ట్రీట్‌లో గుర్రాలను కట్టే గుంజలు ఇంకా ఉన్నాయి, వాటికి కట్టిన గుర్రాలనూ చూశాను. మీ నాన్నగారికి ఇంగ్లీషు రాకపోయినా ఆ మాటలు అర్థమవుతాయని నా నమ్మకం.

రెండు మర్యాదలు గుర్తుపెట్టుకోండి. ఎవరి టోపీనీ ముట్టుకోకూడదు. బల్ల మీద పెట్టేటప్పుడు అంచు కిందికి కాక, తలకిందులుగా, గుమ్మటం బల్లకు ఆనేలా పెట్టాలి. రెండవది, రాంచ్ యజమానిని "మీకు ఎన్ని ఎకరాలు? ఎన్ని పశువులు?" అని అడగకూడదు. మనవాళ్ళకు అది పలకరింపు. వాళ్ళకు మాత్రం బ్యాంకులో ఎంత డబ్బుందని అడిగినట్టే.

జవాబు 2 (కూరగాయల బుట్ట)

భోజనం గురించి మాత్రమే చెబుతాను. మా అత్తగారితో వెళ్ళి బాధపడ్డాము కనుక చెప్పడం నా బాధ్యత అనిపిస్తోంది. ఆ ప్రాంతమంతా గొడ్డుమాంసం, పొగపెట్టిన మాంసాల రాజ్యం. పశువులు తోలే రోజుల నుంచీ వంట బండి మీద చిక్కుడు గింజలే ముఖ్యాహారం కాబట్టి, గింజల కూర ఎక్కడైనా దొరుకుతుంది. అది చూసి శాకాహారమని సంబరపడకండి. ఒక భోజనశాలలో మేము రెండుసార్లు అడిగాము, "గింజలే, మాంసం లేదు" అన్నారు. సగం తిన్నాక గరిటెలో పందిమాంసం ముక్క తేలింది. అక్కడ రుచి కోసం వేసే పందికొవ్వును మాంసం కింద లెక్కవేయని వంటవాళ్ళు ఉన్నారు. కాబట్టి "మాంసం ఉందా?" అని కాక, "బేకన్ (ఉప్పు పట్టించిన పందిమాంసం), పందికొవ్వు, మాంసం ఉడికించిన నీళ్ళు, వీటిలో ఏదైనా వేశారా?" అని పేరుపేరునా అడగండి. రాంచ్‌లో దిగేటట్లయితే వారం ముందే చెప్పండి; మాకు చెప్పిన చోట కాల్చిన బంగాళాదుంపలు, మొక్కజొన్న కంకులు, సలాడ్ ప్రేమగా పెట్టారు. అయినా చిన్న రైస్ కుక్కర్, పచ్చడి సీసా కారులో ఉంచుకోండి.

అన్నట్టు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులంటున్నారు కదా, రోడియో మైదానాలలో చాలావరకు వీపు ఆనని మెట్ల బల్లలే ఉంటాయి. మడత కుర్చీ పెట్టుకోవడానికి వీలుంటుందేమో అక్కడ అడగండి. మొదటి మెట్టు మీద కూర్చుంటే దుమ్ము, పై మెట్టుకు ఎక్కాలంటే మోకాళ్ళు. మా అత్తగారు దుమ్మునే ఎంచుకున్నారు.

జవాబు 3 (తూర్పుగాలి)

ఏటిగట్టు గారు రోడియో గురించి మరీ మెత్తగా దాటవేశారని అనిపించింది. మా అమ్మాయి మొదటి రోడియోలో దూడను తాడుతో పట్టే పోటీ చూసి వెక్కివెక్కి ఏడ్చింది. పరుగెడుతున్న దూడ మెడకు ఉచ్చు పడుతుంది, గుర్రం నిలిచిపోయి తాడును బిగబడుతుంది, మనిషి దిగి పరుగెత్తి దూడను పడవేసి మూడు కాళ్ళు కలిపి కడతాడు; ఆ కట్టు ఆరు సెకన్లు నిలవాలి. రాంచ్‌లో జబ్బుపడిన దూడకు మందు వేయడానికో, వాత పెట్టడానికో చేసే పనే ఇది, అందులో అబద్ధం లేదు. కానీ పని వేరు, గడియారం పెట్టి చప్పట్ల మధ్య చేయడం వేరు. పెద్ద రోడియోలలో పశువైద్యుడు తప్పనిసరిగా ఉండాలనే నియమం ఉంది, అది మంచిదే. దాంతో పదకొండేళ్ళ పిల్ల మనస్సు కుదుటపడదు.

అందుకని పూర్తిగా మానేయమని నేను అనను. పీపాల పందెం తప్పక చూపించండి. మూడు పీపాల చుట్టూ మూడు ఆకుల ఆకారంలో గుర్రాన్ని తిప్పి తీసుకురావాలి, పీపా పడితే ఐదు సెకన్లు కలుపుతారు. ఎక్కువగా ఆడపిల్లలే పాల్గొంటారు, అందులో మీ పాప వయస్సు వాళ్ళు కూడా కనిపిస్తారు. బ్రేక్‌అవే అనే పోటీలో తాడును జీను కొమ్ముకు సన్నటి దారంతో కడతారు. ఉచ్చు పడి దూడ ముందుకు పోగానే దారం తెగిపోతుంది, దూడను పడవేయరు. దూడను కట్టే పోటీ వచ్చినప్పుడు పాపను ఐస్‌క్రీముకు తీసుకువెళ్ళండి.

బాబు కోసం ఒక మాట. చాలా రోడియోలలో మటన్ బస్టింగ్ అని, ఐదారేళ్ళ పిల్లలను హెల్మెట్ పెట్టి గొర్రె మీద ఎక్కిస్తారు. మా వాడు రెండు సెకన్లు ఉన్నాడు. నోటినిండా మట్టితో లేచి మళ్ళీ ఎక్కుతానన్నాడు. బరువు పరిమితి ఉంటుంది, పేరు ముందే ఇవ్వాల్సి రావచ్చు.

నదీతీరంలో గుడారం వేసే ఆలోచన ఉంటే మాత్రం వాతావరణ హెచ్చరికలు చూడకుండా వేయకండి. అక్కడివన్నీ రాతి కొండలు. పడిన వాన ఇంకదు, ఒకేసారి ఏటిలోకి దిగుతుంది. 2025 జూలైలో పక్క కౌంటీలో గ్వాడలూప్ నది పొంగి వందమందికి పైగా చనిపోయారు.

జవాబు 4 (ఏటిగట్టు)

తూర్పుగాలి గారు చెప్పింది ఒప్పుకుంటున్నాను. దూడల పోటీని నేను దాటవేసిన మాట నిజమే.

మూపురం సంగతి మర్చిపోయాను. మీ నాన్నగారి కన్ను తప్పలేదు. టెక్సాస్ తీరప్రాంతపు ఎండకూ, పిడుదులకూ యూరప్ జాతి పశువులు తట్టుకోలేకపోయాయి. 1880ల నుంచి 1920ల దాకా మన దేశపు పశువులను, కొన్నింటిని బ్రెజిల్ మీదుగా, తెప్పించి ఇక్కడి ఆవులతో కలిపారు. గిర్, గుజరాత్, కృష్ణా లోయ జాతులతో పాటు నెల్లూరు జాతి కూడా అందులో ఉంది; నెల్లూరు అంటే మన ఒంగోలే. మొత్తం వచ్చినవి మూడు వందలకు లోపే. వాటి సంతతికి 'బ్రాహ్మన్' అని పేరు పెట్టి 1924లో మీ హ్యూస్టన్‌లోనే సంఘం కూడా స్థాపించారు. రోడియో ఆబోతులలో చాలావాటిలో ఆ రక్తం ఉంది. ఇంకొకటి కూడా ఆయనకు చెప్పండి: ఆబోతు మీద ఎనిమిది సెకన్లు ఒంటి చేత్తో నిలిస్తేనే మార్కులు వేస్తారు, ఆ నూరు మార్కులలో సగం మనిషివి కావు, ఆబోతువి.

ప్రశ్న అడిగినవారి మాట (నాలుగుబాటలు)

నిన్న రాత్రి తిరిగి వచ్చాము. అందరికీ కృతజ్ఞతలు. గింజల కూర విషయం పేరుపేరునా అడిగాము, బేకన్ ఉందన్నారు, బతికిపోయాము. బాబు గొర్రె మీద ఎక్కే ముందు ఏడ్చి దిగిపోయాడు. పాప పీపాల పందెం అయిపోయాక కూడా గుర్రాల దగ్గర నుంచి కదలలేదు.

రోడియో మొదలు కావడానికి ముందు నాన్నగారు పశువుల దొడ్డి దగ్గర ఇనుప కంచె పట్టుకుని నిలబడ్డారు. పక్కనే ఆయన వయస్సే ఉన్న ఒక రాంచ్ పెద్దాయన. బూడిదరంగు ఆబోతు ఒకటి గంగడోలు ఊపుకుంటూ ఇటు తిరిగింది. నాన్నగారు దాన్ని చూపించి ఆరు వేళ్ళు ఎత్తారు. పెద్దాయన తల అడ్డంగా ఊపి మూడు వేళ్ళు చూపించాడు. నాన్నగారు ఒప్పుకోక మళ్ళీ ఆరే అన్నారు. అప్పుడు నేను వెళ్ళి అడిగితే తేలింది: ఈయన ఆరు పళ్ళంటున్నారు, ఆయన మూడేళ్ళంటున్నాడు; ఆరు పళ్ళ పశువుకు వయస్సు సుమారు మూడేళ్ళే, ఇద్దరి మాటా ఒకటే. నేను అటూ ఇటూ చెప్పాక ఇద్దరూ నవ్వారు, తరువాత పక్క దొడ్డిలోని ఆబోతుకు కూడా వేళ్ళు ఎత్తడం మొదలుపెట్టారు. పోటీలు మొదలయ్యాయని నేను రెండుసార్లు పిలిచినా రాలేదు.