నా కథ తెరవకుండానే డిలీట్ చేశాడంట, ఇది పొగరు కాదా?

తాడిపత్రి_వాయేజర్ (అనంతపురం జిల్లా)
నేను స్టార్ ట్రెక్ వాయేజర్ అనే అమెరికా అంతరిక్ష సీరియల్ పిచ్చోణ్ని. సీరియల్ 2001లో అయిపోయినా ఆ తర్వాత కూడా నవలలు వచ్చాయి, దొరికినవి సెకండ్ హ్యాండ్‌లో తెప్పించుకుంటా. 2007లో వచ్చినదాంట్లో ఓడ కెప్టెన్ జేన్‌వేని చంపేశారు. ఏడు సీజన్లు నానా తిప్పలు పడి ఓడను ఇంటికి చేర్చిన మనిషిని! కడుపు మండి, ఆమె బతికొచ్చేలా నేనే నలభై పేజీలు రాశా, వచ్చీరాని ఇంగ్లీషులో, మూడు నెలలు పట్టింది. ఇట్లాంటి టీవీ నవలలు రాసే ఒకాయనకు (చంపినాయన కాదు, వేరే) మెయిల్ పెట్టా. రెండే లైన్ల జవాబు: అటాచ్‌మెంట్ తెరవలేదు, డిలీట్ చేశాను, ఇకమీదట పంపొద్దు. పైగా ఫ్యాన్ కథలంటే దొంగతనమే అని ఇంకోచోట రాసిపెట్టాడు. ఆయన రాసేవి మాత్రం సొంత పాత్రలా? ఆయనకు చెక్కు వస్తుంది, నాకు రాదు, అంతకు మించి తేడా ఏముంది?

బురుజు_కాడ (కర్నూలు)
అది పొగరు కాదు తమ్ముడూ, భయం. బాబిలాన్ 5 అనే ఇంకో అంతరిక్ష సీరియల్ తీసిన స్ట్రాజిన్‌స్కీ అప్పట్లో ఇంటర్నెట్‌లో ఫ్యాన్స్‌తో నేరుగా మాట్లాడేవాడు. ఎవరో ఊరికే ఒక ఐడియా పోస్ట్ చేస్తే అది ఆయన ముందే అనుకున్న ఎపిసోడ్‌కి దగ్గరగా ఉంది. ఇంకేముంది, దాన్ని పక్కన పెట్టేశాడు. ఆ ఫ్యాన్ దగ్గర అభ్యంతరం లేదని రాయించుకున్నాకే మూడో సీజన్‌లో, 1995లో, బయటికొచ్చింది. నీ నలభై పేజీలు ఆయన చదివాడనుకో, రేపు ఆయన నవలలో జేన్‌వే తిరిగొస్తే 'అచ్చం నా కథే' అని మొదటి పోస్ట్ నువ్వే పెడతావు. కాదంటావా?
దొంగతనం అన్న మాట మాత్రం ఎక్కువే.

ఎర్రముక్కపల్లి_అక్క (కడప)
తేడా ఉంది గానీ నువ్వనుకునే చోట కాదు. ఆయన కౌలు రైతప్పా. చేను స్టూడియోది. ముందు అవుట్‌లైన్ చూపించాలి, రాశాక మళ్లీ చూపించాలి, వద్దన్నది తీసెయ్యాలి. మామూలుగా కాపీరైట్ కూడా ఆయనకు మిగలదు. నువ్వేమో రాత్రిపూట గెనిమ దాటి దూరి నీకిష్టమైన విత్తనం చల్లినావు. అమ్ముకోలేవు, నిజమే, కానీ అడిగేవాడూ లేడు. అది చూస్తే కౌలుదారుకు కడుపుమంట ఉండదా?
అట్లని ఎప్పుడూ ఇంతే అనుకోవద్దు. 1976లో స్టార్ ట్రెక్ ఫ్యాన్స్ రాసుకున్న కథలనే బాంటమ్ వాళ్లు పుస్తకంగా వేశారు. డాక్టర్ హూ అనే బ్రిటిష్ సీరియల్ టీవీలో ఆగిపోయిన రోజుల్లో వర్జిన్ సంస్థ 1991 నుంచి కొత్త నవలలు వేస్తూ, పేరులేని కొత్తవాళ్ల రాతప్రతులు కూడా తీసుకుంది. పాల్ కార్నెల్ అట్లా ఫ్యాన్స్‌లోంచి వచ్చినవాడే. ఆయన 1995 నవలను 2007లో టీవీ వాళ్లే తీసుకున్నారు, స్క్రిప్టూ ఆయన చేతే రాయించుకున్నారు.

పెన్నా_ఒడ్డు (ప్రొద్దుటూరు, ఇప్పుడు హైదరాబాద్)
నేను సీరియల్స్‌కి డైలాగులు రాస్తా, ఏ సీరియలో అడగొద్దు. పోయినేడాది ఒక పాత్రను లారీ కింద వేశాం. కథ కోసం కాదు, ఆర్టిస్టు డేట్స్ కుదరక. సాయంత్రం ఫోన్ చేసి పొద్దునకల్లా చావు సీన్ కావాలన్నారు. పండక్కి ఇంటికెళ్తే మా పెద్దమ్మ ఓలిగ మీద నెయ్యి పోయబోయి, చెంచా గాల్లో అట్లే పట్టుకుని "ఆ పిల్ల నీకేం ద్రోహం చేసిందిరా?" అంది. నెయ్యి పోయలేదు. పైగా చచ్చింది ఆ పిల్ల కాదు, కవల చెల్లెలని కథంతా అల్లి చెప్పింది. మేం రాసినదానికంటే బాగుంది, ఒట్టు. కానీ ఆర్టిస్టే లేకపోతే ఏం చేసేది!
ఇంకోటి, పాత్ర గురించి చూసేవాళ్లకే మాకంటే ఎక్కువ గుర్తుంటుంది. మూడొందల ఎపిసోడ్ల కింద ఆమెకు వంకాయ పడదని చెప్పి ఇప్పుడు గుత్తివంకాయ ఎట్లా తినిపించారని అడుగుతారు. అప్పుడు సిగ్గేస్తుంది, ఆ సిగ్గే కొందరికి కోపంగా మారుతుంది. నీ మెయిల్ ఆయన్ని ఏ డెడ్‌లైన్ టెన్షన్‌లో తగిలిందో.

తాడిపత్రి_వాయేజర్
అక్కా, కౌలు మాట గట్టిగా తగిలింది, మా నాయన చేసేది కౌలు చేనే, శనక్కాయ. అయినా ఆ 'దొంగ' అన్న మాట మింగుడుపడలేదు. బురుజు అన్నా, ఒప్పుకుంటా, పోస్ట్ నేనే పెట్టేవాణ్ని.

బురుజు_కాడ (కర్నూలు)
ఇంతకీ జేన్‌వేని 2012 నవలలో మళ్లీ బతికించారు కదా, చదవలేదా?

తాడిపత్రి_వాయేజర్
లేదన్నా!! నీ దగ్గరుంటే తాడిపత్రి బస్సులో పార్సిల్ వెయ్యి, చార్జీ నేనిస్తా. నా కథను ఈలోగా తెలుగులో తిరగరాస్తున్నా, పెద్దమ్మకు వినిపించు పెన్నా అన్నా.