తటస్థ దేశాల రూల్ మార్చాలనుకుంటున్నాం, సలహా కావాలి

నమస్కారమండీ. మేం నలుగురం ఆదివారాలు రెండో ప్రపంచ యుద్ధం మీద తయారైన బోర్డ్ గేమ్ యాక్సిస్ అండ్ అలైస్ గ్లోబల్ 1940 ఆడతాం. ఇందులో ఏ పక్షానికీ చెందని ఒక్క తటస్థ దేశం మీద దాడి చేసినా అలాంటి మిగతా తటస్థులన్నీ అవతలి పక్షం వైపు మొగ్గుతాయి. మొన్న అమెరికా ఆడుతున్న మా తమ్ముడు స్పెయిన్‌లో దిగాడు. దాంతో స్వీడన్‌లోని 6 పదాతి బొమ్మలు, టర్కీలోని 8 బొమ్మలు పోరాటమే లేకుండా జర్మనీకి దక్కాయి. పాపం, వాడి ముఖం వాడిపోయింది.

చరిత్రలో ఇవి ఒకే తాను ముక్కలు కావు. స్వీడన్ జర్మనీకి ఇనుప ఖనిజం అమ్మింది. టర్కీ 1945 ఫిబ్రవరిలో జర్మనీ మీదే యుద్ధం ప్రకటించింది. అలాగని ఏ దేశానికాదేశం అని విడదీస్తే, జర్మనీ మొదట్లోనే టర్కీ మీదుగా కాకసస్ చమురు వైపు దూసుకెళ్తుందని నా భయం.

పొరుగు దేశాలు మాత్రమే స్పందించేలా ఎవరైనా ఆడి చూశారా? బ్యాలెన్స్ నిలిచిందా? దయచేసి చెప్పండి.