ఫ్లోరైడ్ లేని నీళ్లు తాగితే గర్భిణికి రక్తం తగ్గుతుందా? ఎలుకల ప్రయోగం చదివి టెన్షన్‌గా ఉంది

వర్తూరు_వాసి:
మేము బెంగళూరులో వర్తూరు దగ్గర ఉంటాం. మా ఆవిడకి అయిదో నెల. ఇంట్లో బోరు నీళ్లు, వేసవిలో ట్యాంకర్. టెస్ట్ చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకి 1.9 మిల్లీగ్రాములు వచ్చింది, వెంటనే ఆర్‌ఓ పెట్టించాను. ఇప్పుడు ఆఫీసులో ఒకాయన ఫ్లోరైడ్ పూర్తిగా పోతే తల్లికి రక్తహీనత వస్తుందని, ఎలుకల్లో తేలిందని అంటున్నాడు. వెతికితే 1972 నాటి పేపర్ నిజంగానే ఉంది. తనకి అసలే హిమోగ్లోబిన్ 9.8. ఆర్‌ఓ ఆపేయాలా?

పశుపోషణ_పీజీ:
ఆపకండి సార్. ఆ పేపర్ మాకు క్లాసులో చెప్పారు, దాని తర్వాతి కథ కూడా తెలియాలి. అది రాసిన మెస్సర్ బృందం చిట్టెలుకలకి ఫ్లోరైడ్ బాగా తక్కువున్న మేత పెట్టింది, వాటికి పిల్లలు పుట్టడం తగ్గింది, చూడితో ఉన్నవాటిలో రక్తహీనత కూడా కనపడింది, నీళ్లలో 50 పీపీఎం (అంటే లీటరుకి 50 మిల్లీగ్రాములు) ఫ్లోరైడ్ కలిపి ఇచ్చినవి బాగున్నాయి. అందుకని ఫ్లోరైడ్ తప్పనిసరి పోషకం అనుకున్నారు. కానీ 1976లో టావో, సట్టీ అనే పరిశోధకులు ఇనుము సరిపడా ఉన్న మేత పెట్టి చూస్తే ఫ్లోరైడ్ ఉన్నా లేకపోయినా ఈనడంలో తేడా రాలేదు. పాత మేతలో ఇనుము అంతంత మాత్రమే, ఎక్కువ ఫ్లోరైడ్ ఆ కాస్త ఇనుమూ ఒంటికి పట్టేలా చేసింది, అంతే. లోటు ఇనుముది. మీ ఆవిడకి కావలసిందీ అదే.

కనిగిరి_అమ్మాయి:
మాది ప్రకాశం జిల్లా, ఎక్కువైతే ఏమవుతుందో కళ్లారా చూశాను. మా గేదెల పళ్లు గోధుమరంగు తిరిగి అరిగిపోయేవి, మేత నమల్లేక చిక్కిపోయేవి, పాలు తగ్గితే దూడకేం మిగులుతుంది? తల్లి తాగిన ఫ్లోరైడ్ మాయ దాటి కడుపులో బిడ్డకి చేరుతుంది, పాలలోకి మాత్రం చాలా తక్కువే వస్తుంది.

పశుపోషణ_పీజీ:
అవును. ఇంకోటి, చూడి ఎలుకలకీ కుందేళ్లకీ లీటరుకి వందల మిల్లీగ్రాములు కలిపిన ప్రయోగాల్లో తల్లులు నీళ్లు తాగడం తగ్గించాయి గానీ పిల్లల్లో అవయవ లోపాలు పెరగలేదు. అలాగని 1.9 పర్వాలేదని కాదు, ఎలుక రక్తంలో మనంత ఫ్లోరైడ్ చేరాలంటే నీళ్లలో కొన్ని రెట్లు ఎక్కువుండాలి, అంకెలు నేరుగా పోల్చకూడదు. తాగే నీటికి మన ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5.

ఇద్దరు_పిల్లల_తల్లి:
వంటకీ ఆర్‌ఓ నీళ్లే వాడండి అన్నా, కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఐరన్ మాత్ర టీతో గానీ కాల్షియంతో గానీ కలిపి వేయొద్దు, ఒంటికి సరిగా పట్టదు. 9.8 సంగతి ఈ వారమే డాక్టరుకి చూపించండి.

వర్తూరు_వాసి:
తను రోజూ ఐరన్, కాల్షియం రెండూ ఒకేసారి, అదీ టీ తాగుతూ వేసుకుంటోంది! ఇవాళ్టి నుంచే మారుస్తాం. ఆర్‌ఓ నుంచి వచ్చే నీళ్లు కూడా రేపు టెస్ట్‌కి ఇస్తున్నాను.