సమస్య: కడిగినట్టి గుడ్డ కారు గీచె

నిర్వాహకుడు:

మిత్రులకు నమస్కారం. ఈ వారం ఆటవెలదిలో నాలుగో పాదం ఇస్తున్నాను. దానికి అర్థం కుదిరేలా ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి.

కడిగినట్టి గుడ్డ కారు గీచె

కడిగి–నట్టి–గుడ్డ–కారు–గీచె, అయిదూ సూర్యగణాలు (గురువు–లఘువు అయిన గలం, లేదా మూడు లఘువుల నగణం). పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ క–కా యతి, అంటే అక్షరమైత్రి. పాదాంతంలో విసంధిని, అంటే సంధి చేయకుండా వదలడాన్ని, దోషంగా పట్టను.

మురికిగుడ్డ గీస్తే వింతేముంది? ఉతికి ఆరేసిన మైక్రోఫైబర్ గుడ్డ గీయడమే ఇక్కడి చిక్కు. ఇది ఊహించి ఇచ్చిన సమస్య కూడా కాదు. నా నల్లబండిని రెండేళ్లుగా నేనే కడిగి నేనే తుడుస్తున్నాను. మొన్న పొద్దుటెండ బానెట్ మీద ఏటవాలుగా పడితే సాలెగూడులాంటి గీతలు కనబడ్డాయి. మనసు చివుక్కుమంది. తుడిచిన గుడ్డలన్నీ ఉతికినవే మరి! రంగు మీద ఉండే పారదర్శకమైన పూత మందం సుమారు 40–50 మైక్రాన్లు. ఒకసారి అరిగితే మళ్లీ రాదు. కాబట్టి పూరణలో గణాలు ఎంత సరిగా ఉండాలో కారణం కూడా అంత సరిగా ఉండాలి. ఉతకడంలో, ఆరేయడంలో ఎక్కడ తప్పుతున్నామో పద్యంలో చెప్పండి.

గ్యారేజీ తమ్ముడు (హైదరాబాద్):

గురువుగారూ, కార్లు తుడవడమే నా పని. మొదటి ఏడాదిలో నేను చేసిన తప్పునే పద్యం చేశాను.

చక్రములను తుడుచు చవకైన గుడ్డతో
కలిపి యంత్రమందు గడగి వేయ
ఇనుపధూళి చేరె నింపైన నూలులో
కడిగినట్టి గుడ్డ కారు గీచె

బ్రేకు డిస్కు, ప్యాడ్లు అరిగి రాలే పొడిలో ఇనుము ఉంటుంది. చక్రాల గుడ్డని పట్టుకుని ఎండకి చూస్తే చిన్నచిన్న మెరుపులు కనిపిస్తాయి. అది ఒక్క ఉతుకుతో పోదు, పక్కగుడ్డలోకి చేరుతుంది. ఇప్పుడు మా దగ్గర బాడీకి నీలం గుడ్డలు, లోపలికి పసుపువి, చక్రాలకి నల్లవి. ఉతికేటప్పుడు కూడా నల్లవి వేరు, వాటి బకెట్టు వేరు.

పాదచారి:

తమ్ముడూ, పద్యం నడక బాగుంది. "చవకైన" సలము, "గుడ్డతో" రగణం, రెండూ ఒకటి, మూడు పాదాల చివర రావలసిన ఇంద్రగణాలే, ఎక్కడా తడబాటు లేదు. రెండు మాటలు మాత్రం మార్చాలి. "ఇంపైన" యతి కోసం వచ్చి కూర్చున్న మాట. దాని చోట "ఇఱుకైన" అను. అది కూడా ఇంద్రగణమే, పైగా కారణం చెబుతుంది. మైక్రోఫైబర్‌లో పాలిస్టర్, పాలీఅమైడ్ కలిసి ఉంటాయి, ఎక్కువగా 80:20 లేదా 70:30 పాళ్లలో. ఆ పోగుని నిలువునా చీలుస్తారు. తొమ్మిది వేల మీటర్ల పోగు తూచినా ఒక గ్రాము రాదు. ఆ చీలికల ఇరుకులోనే నీరు నిలుస్తుంది, ధూళీ నిలుస్తుంది. ఇక "నూలు" అంటే పత్తి. ఈ గుడ్డలో పత్తి లేదు. "పోగులో" అంటే గణం చెడదు, వస్తువూ చెడదు.

ఇనుపధూళి చేరె నిఱుకైన పోగులో

గ్యారేజీ తమ్ముడు:

"ఇఱుకైన" నాకు తట్టనే లేదన్నా. రోజూ చేత్తో పట్టుకునే గుడ్డే! మార్చుకున్నాను.

పూలచెట్టు (విజయవాడ):

నా పూరణ:

మృదువు కొఱకు నేను మెండుగ బరిమళ
రసము పోసి యుతుక రాజిలె నది
పొరలు గట్టి నీరు పుచ్చుకొన దికను
కడిగినట్టి గుడ్డ కారు గీచె

చీరలకి వేసే ఫ్యాబ్రిక్ కండిషనరే గుడ్డలకీ ఒక మూత ఎక్కువ వేశాను. ముట్టుకుంటే పట్టులా ఉండేది.

నిర్వాహకుడు:

అమ్మా, ఛందస్సులో వేలెత్తి చూపడానికి లేదు. పొ–పు యతి చక్కగా కుదిరింది. మూడో పాదం వరకు చెప్పిన విషయమూ నిజమే. కండిషనర్ పోగు మీద పూతలా అంటుకుని చీలికల్ని మూసేస్తుంది, గుడ్డ నీటిని పీల్చకుండా అటూఇటూ జరుపుతుంది. కానీ నీరు పీల్చకపోతే చారలు మిగులుతాయి. గీత ఎలా పడింది? మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య ఒక మెట్టు లేదు. సమస్యాపూరణంలో పండితులు మొదట వెతికేది ఆ మెట్టునే.

పూలచెట్టు:

నిజమే గురువుగారూ. ఆ రోజు జరిగింది మళ్లీ గుర్తు చేసుకున్నాను. నీళ్లు పోవడం లేదని తుడిచిన చోటే పదిసార్లు తుడిచాను, బలంగా. అదే మెట్టు.

మృదువు కొఱకు నాడు మెండుగ బరిమళ
రసము పోసి యుతుక రాజిలె నది
నీరు పీల్చకున్న నేను రుద్దగ రుద్ద
కడిగినట్టి గుడ్డ కారు గీచె

పాదచారి:

అక్కా, "రుద్దగ రుద్ద" ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన పలుకులన్నిటిలోకీ నాకు నచ్చినది. చెయ్యి కదులుతున్నట్టే ఉంది.

దూరపుతీరం (డల్లాస్):

అందరికీ నమస్తే. మా అపార్టుమెంటులో దండేనికి చోటు లేదు, డ్రయ్యరే గతి.

వేడిగాలిలోన వేసి యారగబెట్ట
సన్నపోగు కొసలు సాగి కరిగె
ముళ్లువలెను మారె ముద్దైన మొనలన్ని
కడిగినట్టి గుడ్డ కారు గీచె

చెంప మీద రాసుకుని చూశాను. కొత్తగుడ్డ జారిపోయింది, ఇది పట్టుకుంది.

పాదచారి:

చెల్లీ, మూడో పాదం గొప్పగా ఉంది. రెండో పాదంలో "కరిగె" దగ్గర నాకు అభ్యంతరం. పాలిస్టర్ కరగాలంటే సుమారు 250 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఇంటి డ్రయ్యర్ ఆ దరిదాపులకు పోదు. అయితే 70–80 డిగ్రీల దగ్గరే ఆ పోగు బిగువు సడలుతుంది. ఆ వేడిలో దొర్లి, నలిగి, చల్లారితే వంకర అలాగే నిలిచిపోతుంది. అందుకని "సడలి ముడిగె" అంటే శాస్త్రానికీ సరి, స–స యతికీ సరి.

సన్నపోగు కొసలు సడలి ముడిగె

అన్నట్టు, డ్రయ్యర్ వాడక తప్పకపోతే అన్నిటికన్నా తక్కువ వేడి పెట్టు. నూలు తువ్వాళ్లతో కలపకు, వాటి దూదిపోగుల్ని ఈ గుడ్డ వదలదు.

దూరపుతీరం:

"సడలి ముడిగె" తీసుకున్నాను అన్నా. నిన్నటి నుంచి వేడి లేకుండా ఉత్తగాలికే తిప్పుతున్నాను. పలుచని గుడ్డలే కాబట్టి తొందరగానే ఆరుతున్నాయి.

నిర్వాహకుడు:

ఒక మిత్రుడు ఉతికిన గుడ్డ మీద పిల్లవాడు కారు బొమ్మ గీశాడని పూరించి పంపారు. ఊహ ముచ్చటగా ఉంది. కానీ "గుడ్డపై" అనవలసిన చోట "గుడ్డ" అంటే విభక్తి లోపిస్తుంది, అందుకే స్వీకరించలేకపోయాను.

కొత్తకలం (వరంగల్):

మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దండి.

మేడమీద గోడ మీదనే యారగ
ఇసుక రేణువంటె నెఱుగనైతి
మరక ఏమీ లేదు మంచిదే యనుకొన
కడిగినట్టి గుడ్డ కారు గీచె

మా మేడ పిట్టగోడకి పైపూత లేదు. గుడ్డలు దాని మీదే పరిచేవాడిని.

నిర్వాహకుడు:

నాయనా, మొదటిసారికి ఇంత పట్టు రావడం చాలా సంతోషం. తప్పు ఒక్కటే. మూడో పాదంలో రెండో గణం "ఏమీ" రెండు గురువులైంది. సూర్యగణం అంటే గలమో నగణమో కావాలి. "మరక యేమి లేదు" అను, యడాగమం (రెండు అచ్చుల మధ్య యకారం రావడం) కూడా కుదురుతుంది. రెండో పాదంలో ఇ–నె యతి పడదేమోనని అనుమానం రావచ్చు. "అంటెన్ + ఎఱుగ" కనుక అక్కడ యతి అచ్చుతో, ఇ–ఎ మైత్రి ఉంది. చెల్లుతుంది.

ఇక విషయం. "మరక యేమి లేదు మంచిదే యనుకొన" అన్న పాదం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. రెండేళ్లు నేను చేసింది అదే. గుడ్డకి మరక ఉందా అని చూశాను గానీ లోపల ఏముందో వేలితో విడదీసి చూడలేదు. సిమెంటు గోడ, గచ్చు, బాల్కనీ కమ్మీ, ఏది తగిలినా ఇసుక ఎక్కుతుంది. దండెం కట్టి నీడలో ఆరేయి, ఆరాక దులిపి మూత ఉన్న డబ్బాలో పెట్టు. తుడిచేటప్పుడు గుడ్డ కిందపడితే ఆ పూట దాన్ని మళ్లీ బండికి తగిలించకు.

నిన్న సాయంత్రం నా సబ్బుపొడిని ఒక గాజుగ్లాసు బోరునీటిలో కలిపి చూశాను. పావుగంట తర్వాత కూడా అడుగున తెల్లటి పలుకులు మిగిలాయి. అవన్నీ నా గుడ్డల్లోకే పోతున్నాయన్నమాట. నా పూరణ ఇది:

బోరునీటిలోన బొడిసబ్బు కరుగక
నూగు నడుమ నక్కె నూకవోలె
ఆరినంత నవియె యరగని రాళ్లయి
కడిగినట్టి గుడ్డ కారు గీచె

"నూలు" అని రాయబోయి పాదచారిగారి మాట గుర్తొచ్చి "నూగు" అన్నాను. ఇవాళ్టి నుంచి ద్రవరూపంలో ఉండే సబ్బు కొద్దిగా, గోరువెచ్చని నీళ్లు, రెండుసార్లు జాడింపు. చివరి జాడింపులో కాస్త తెల్ల వెనిగర్, నీటిలోని సున్నం పేరుకోకుండా. బ్లీచింగ్ మాత్రం దగ్గరికి రానివ్వను.

గ్యారేజీ తమ్ముడు:

గురువుగారూ, "నూకవోలె" దగ్గర చేతులెత్తి మొక్కాను. ఒక్క మాట కలుపుతాను. గుడ్డ మూలన కుట్టిన చీటీని కూడా కత్తిరించండి. పాలిష్, మైనం తుడిచిన గుడ్డని ఆరనివ్వకుండా వెంటనే నానబెట్టండి. గట్టిపడితే ఏ సబ్బుకీ లొంగదు.

కొత్తకలం:

దిద్దిన పాదంతో పద్యం నోటుపుస్తకంలో రాసుకున్నాను గురువుగారూ. పిట్టగోడ మీద ఆరిన గుడ్డలు పద్నాలుగు ఉన్నాయి. పారేయాలా?

గ్యారేజీ తమ్ముడు:

పారేయకు తమ్ముడూ. బాడీకి పనికిరాని గుడ్డ డోరు అంచులకి వస్తుంది, అక్కడ నలిగాక చక్రాలకి, ఆ తర్వాత ఇంజిను దగ్గరికి. ఒక మూల కత్తిరించి గుర్తు పెట్టుకో, మంచివాటితో కలవకుండా.